చివరి బెంచీలో మేబెల్

పెళ్ళయ్యాక వచ్చిన మొదటి ఆదివారం మావారు జకర్యా నన్ను స్కూటరు మీద బొల్లారం చర్చికి తీసుకెళ్ళారు. తిరుమలగిరిలో మా ఇంటి నుంచి అక్కడికి పావుగంట. దారిలో ఎన్ని స్పీడు బ్రేకర్లు ఉన్నాయో అన్నిచోట్లా బండి ఆపినంత పని చేసి "పట్టుకున్నావా?" అని అడిగారు. వెనక సీటు మీద కోడిగుడ్ల బుట్ట పెట్టుకున్నవాళ్ళు నడిపినట్టు నడిపారు. నేను పట్టుకునే ఉన్నాను. అయినా ఆయన ప్రతిసారీ అడిగితే బాగుండనిపించింది. ముప్పై నాలుగేళ్ళకు పెళ్ళయితే ఇలాంటివన్నీ ఒక్కసారిగా వచ్చి మీద పడతాయి. పొద్దున్నే రెండు కప్పుల్లో టీ పోయడం, నా చెప్పుల పక్కన పెద్ద చెప్పులు కనబడడం, స్నానాల గదిలోంచి ఎవరో శ్రుతి తప్పి పాడుతుంటే ఆ ఎవరో మనవాళ్ళే కావడం.

చర్చి మెట్ల దగ్గర అత్తయ్యగారు నన్ను ఆపి కొంగు సర్దారు. "తిన్నగా మూడో బెంచీకి వచ్చేయ్. అటూ ఇటూ చూడకు. ఇవాళ అందరూ నిన్నే చూస్తారు, నువ్వు కూడా అందర్నీ చూస్తే బాగోదు," అన్నారు.

నేను చూశాను. గుమ్మం దాటగానే ఎడమ పక్క, ఆడవాళ్ళ వరసల్లో అన్నిటికన్నా వెనకది, గోడకు ఆనించి వేసిన బెంచీ. దాని మీద ఒక్కతే మనిషి కూర్చుని ఉంది. బూడిదరంగు వాయిలు చీర, నిండా తల మీదికి లాక్కున్న కొంగు, ఒళ్ళో కీర్తనల పుస్తకం. మేబెల్.

ఆమె నన్ను చూసింది. కళ్ళు ఒక్క క్షణం పెద్దవయ్యాయి. వెంటనే పుస్తకంలోకి తల దించుకుంది. నవ్వబోయినదాన్ని నేనూ ఆగిపోయి ముందుకు నడిచాను. నా పట్టుచీర గరగరలాడడం నాకే గట్టిగా వినిపించింది.

ఎందుకు ఆగిపోయానో చెప్పాలంటే నా పని గురించి చెప్పాలి.

నేను సైకాలజిస్టుని. సికింద్రాబాద్‌లో ఒక చిన్న పరిశోధన సంస్థలో ఎనిమిదేళ్ళుగా పనిచేస్తున్నాను. ట్రాన్స్‌జెండర్ మనుషుల ఆరోగ్యం ఎలా ఉంది, మనసు ఎలా ఉంది అన్నది నా పరిశోధన. ఇందులోకి ఎలా వచ్చావని చాలామంది అడుగుతారు. చదువుకునే రోజుల్లో ట్రైనింగుకని ఒక ఆసుపత్రికి వెళ్ళేదాన్ని. అక్కడ చీటీలు రాయించుకోవడానికి ఆడవాళ్ళకొక వరస, మగవాళ్ళకొక వరస ఉండేవి. ఒకరోజు ఒక మనిషి ఆ రెండు వరసలకూ మధ్య నిలబడి ఉండడం చూశాను. పన్నెండింటికి కిటికీ మూసేదాకా అలాగే నిలబడి, మూశాక వెళ్ళిపోయింది. ఆమెకు ఏం జబ్బో నాకు ఇప్పటికీ తెలియదు. అది తెలుసుకోలేదే అన్న బాధతోనే ఇక్కడిదాకా వచ్చాననుకుంటాను.

ఏ.ఎస్. రావు నగర్‌లో మా నాన్నగారిని కాలనీవాళ్ళు "మీ అమ్మాయి ఏం డాక్టరండీ?" అని అడిగితే "మనసు డాక్టరు" అని చెప్పి, తరవాతి ప్రశ్న రాకముందే కరెంటు కోతల గురించి ఎత్తుకునేవారు. నన్ను చూడ్డానికి వచ్చిన సంబంధాలవాళ్ళకు అలా మాట తప్పించడం కుదరలేదు. ఒకరు "పిల్లల సైకాలజీలోకి మారొచ్చుగా" అన్నారు. ఇంకొకరు ఏమీ అనలేదు, మళ్ళీ రాలేదు. బళ్ళో లెక్కల మాస్టారైన జకర్యా మాత్రం రెండే ప్రశ్నలు వేశారు. "ఆ పని నీకు ఇష్టమేనా?" అని ఒకటి. ఇష్టమేనన్నాను. "మరి మధ్యాహ్నం భోజనం?" అని ఇంకొకటి. బయట తిరుగుతుంటాను కాబట్టి ఒక్కోసారి ఉండదన్నాను. పెళ్ళయిన మర్నాటి నుంచి రెండు టిఫిను డబ్బాలు ఆయనే కడుతున్నారు. పెరుగన్నంలో దానిమ్మ గింజలు వేస్తారు. పెద్దయ్యాక ఎవరైనా నాకోసం దానిమ్మకాయ ఒలవడం అదే మొదలు.

అలాంటి మనిషికి ఏదీ దాచాలనిపించదు. దాచాల్సింది ఒక్కటే ఉండేది.

మా పరిశోధనలో అరవైమంది ఉన్నారు. మూడేళ్ళపాటు నాలుగు నెలలకొకసారి ఒక్కొక్కరినీ కలిసి నలభై ప్రశ్నలు అడగాలి. కాగితాల మీద పేర్లుండవు, నంబర్లే ఉంటాయి. ఏ నంబరు ఎవరిదో రాసిన జాబితా ఇనప బీరువాలో ఉంటుంది. మొదటిరోజు ప్రతివాళ్ళకీ నేనొక మాట ఇస్తాను. బయట ఎక్కడైనా ఎదురుపడితే మీరు పలకరించేదాకా నేను పలకరించను, మీరు నాకు ఎలా తెలుసో ఎవరికీ చెప్పను, ఇంట్లోవాళ్ళకైనా, కట్టుకున్న భర్తకైనా సరే అని.

మూడేళ్ళ కింద ఈ మాట విని ఇరవై మూడో నంబరు మనిషి పడీపడీ నవ్వింది. "భర్తనా? ముందుగాల తెచ్చుకోండ్రి మేడమ్, తర్వాత దాచిపెడ్దురు!"

ఆ ఇరవై మూడో నంబరే మేబెల్.

ఆమె పదహారో ఏట ఇంట్లోంచి వచ్చేసింది. అలాంటివాళ్ళకు ఇంటిపెద్దగా ఉండే పర్వతాలు అనే గురువు ఆమెను చేరదీసి, తన ఇంట్లోనే పెట్టుకుని, కుట్టుపని నేర్పించింది. గురువు చనిపోయాక ఆ ఇల్లు చెదిరిపోయింది. మేబెల్ బొల్లారంలో ఒక గది తీసుకుని జాకెట్లు కుట్టుకుంటూ ఒంటరిగా ఉంటోంది. పేరు అడిగినప్పుడు వేళ్ళు మడిచి చెప్పింది. "ఇంట్ల పెట్టిన పేరొకటుండె, అది చెప్ప. గురువు రోజా అని పెట్టింది. మేబెల్ అని నాకు నేను పెట్టుకున్న. చిన్నప్పుడు సండే స్కూల్ల ఆ పేరుతోని టీచరుండె. ఎవరినీ కొట్టకపోయేది."

నా ప్రశ్నల్లో ముప్పై ఒకటోది ఇది: గడిచిన వారంలో మిమ్మల్ని పేరు పెట్టి పిలిచినవాళ్ళు ఎంతమంది?

"ఒక్కరు," అంది మొదటిసారి.

"ఎవరు?"

"మీరే గద. ఇప్పుడే అంటిరి, కూర్చోండి మేబెల్ అని."

"జాకెట్లు కుట్టించుకునేవాళ్ళు?"

"వాళ్ళు కిటికీల నుంచే బట్ట ఇస్తరు. టైలర్, టైలర్ అని పిలుస్తరు. జెర మర్యాదస్తులైతే టైలరమ్మ అంటరు."

ఆ గడిలో ఎంత రాయాలో తెలియక మా ప్రొఫెసరు రామభద్రరావుగారిని అడిగాను. ఆయన మంచివారే. కళ్ళజోడు తుడుచుకుంటూ చెప్పారు. "ప్రశ్న అడిగేవాళ్ళు లెక్కలోకి రారు. నువ్వు కొలబద్దవి సలోమీ. కొలబద్ద తనను తాను కొలుచుకోదు." నేను సున్నా రాశాను. నాలుగు నెలలయ్యాక మళ్ళీ సున్నా. అలా మూడేళ్ళూ ఆ గడిలో సున్నాలే. అరవైమందిలో ఆ ప్రశ్నకు ప్రతిసారీ సున్నా వచ్చింది ఆమె ఒక్కతికే. గురువుల దగ్గర, చేలాలనే తోటి శిష్యులతో కలిసి ఉండేవాళ్ళకు పేరుపెట్టి పిలిచే మనుషులున్నారు, తిట్టేవాళ్ళున్నారు, పోట్లాడేవాళ్ళున్నారు. ఈమెకు గోడలే ఉన్నాయి.

ఆ మనిషి ఇప్పుడు నా అత్తవారి చర్చిలో చివరి బెంచీలో కూర్చుని ఉంది.

తరవాత మూడు ఆదివారాలు అలాగే గడిచాయి. ఆమే ముందు పలకరిస్తుందని నేను చూశాను. ఆమె పలకరించలేదు. ఆరాధన అయ్యాక అందరూ ఒకరికొకరు వందనాలు చెప్పుకుంటారు. ఆమె బెంచీ దగ్గరికి వచ్చేసరికి ఆ వందనాలు దూరం నుంచే, రెండు చేతులు జోడించి, నడుస్తూ నడుస్తూ అయిపోతాయి. ఎవరూ కసురుకోలేదు, వెళ్ళిపొమ్మనలేదు. ఎవరూ పక్కన కూర్చోలేదు కూడా. కొత్త పెళ్ళికూతురినని నా చుట్టూ మాత్రం జనం. ఒకావిడ నా గాజులు లెక్కపెట్టింది. ఇంకొకావిడ మావారు చిన్నప్పుడు క్రిస్మస్ నాటకంలో గొర్రెవేషం వేసి స్టేజీ మీదే నిద్రపోయిన సంగతి చెప్పింది. నేను నవ్వుతూనే ఉన్నాను. వాళ్ళ భుజాల మీంచి చూస్తే, చెప్పులు వేసుకుని ఎండలోకి వెళ్ళిపోతున్న బూడిదరంగు కొంగు కనబడేది.

మార్చి మొదటి వారంలో ఆఖరి ఇంటర్వ్యూకి ఆమె మా ఆఫీసుకు వచ్చింది. కూర్చోగానే మొదలుపెట్టింది.

"చర్చిల చూసిన మిమ్ముల. చీర మస్తుంది. జాకెటెవరు కుట్టిన్రో గని, భుజం కాడ పాడు జేసిన్రు. ఎత్తిపెట్టినట్టున్నది."

"మీరు పలకరిస్తారేమో అని చూశాను."

"నేనా? మంచిగనే ఉంది! కొత్త కోడలు, పక్కకు అత్త. నేనొచ్చి వందనాలు మేడమ్ అంటే అత్త అడగదా, ఈమెవరే, నీకెట్ల ఎరుక అని? అప్పుడు మీరేం జెప్తరు? చెప్పనని మాటిచ్చిన్రాయె."

"ఏదో ఒకటి చెప్పేదాన్ని."

"చర్చిల నిలబడి అబద్ధమాడ్తరా?" అంది. నవ్వింది కానీ నన్ను చూడలేదు.

ప్రశ్నలు మొదలుపెట్టాను. నిద్ర, ఆకలి, జ్వరం, భయం. ముప్పై ఒకటోది వచ్చింది. "ఒక్కరు," అంది. నేను రాశాను. ఆమె బల్ల మీదికి వంగి నా కాగితం చూసింది.

"సున్నా ఏసిన్రా?"

"అది లెక్క పద్ధతి, మేబెల్. నేను..."

"ఎరుకే. కొలబద్ద. మీరే చెప్పిన్రు పోయినసారి." కొంచెంసేపు గోడ మీది క్యాలెండరు చూసింది. "ఇంక నన్ను పిలవరు గద? ప్రశ్నలైపోయినయ్ గద?"

"ఇదే చివరిది."

"అయితే ఇప్పుడు సున్నా కరెక్టే."

నేను కలం మూత పెట్టలేక, తీయలేక కూర్చున్నాను. ఆమే నా మీద జాలిపడ్డట్టు మాట మార్చింది.

"వచ్చే ఆదివారం నా పుట్టినరోజు. నలభై రెండు నిండుతయ్. రెండేండ్ల సంది ఆ చర్చికి వస్తున్న. ఆ గుమ్మం కాడ డబ్బ ఉంటది సూడుండ్రి, పుట్టినరోజు చీటీలు ఏస్తరు గద దాంట్ల. అయ్యగారు మైకుల పేరు చదువుతడు. చదివినోళ్ళు ముందటికి పోతరు, ప్రార్థన చేస్తడు. నేనెప్పుడు ఎయ్యలే. ఈసారి ఏస్త."

"వెయ్యండి. తప్పకుండా వెయ్యండి."

"ప్రార్థన సంగతి గాదు. అది నేను ఇంట్ల చేసుకుంట. నా పేరు ఒకరి నోట్ల నుంచి గట్టిగ, నలుగురిల, నాకు వినవడాలె. ఒక్కసారి. మీరు పిలుసుడు బంద్ అయితది గద, అందుకని." లేచి సంచీ సర్దుకుంది. "ఆ పేర్లు రాసుకునేది మీ సారే. ఊకె చెప్తున్న. మిమ్ముల ఏం చెయ్యమంట లేను."

మావారు ఆ చర్చికి సెక్రటరీ. శనివారం సాయంత్రం డబ్బాలోని చీటీలన్నీ ఇంటికి తెచ్చి, చర్చి సభ్యుల రిజిస్టరుతో సరిచూసి, అందమైన గుండ్రటి అక్షరాలతో ఒక కాగితం మీద రాసి పాస్టరు జీవరాజు అయ్యగారికి ఇవ్వడం ఆయన పని. ఈ సరిచూడడం వెనక ఒక కథ ఉంది. రెండేళ్ళ కింద ఎవరో కొంటెవాళ్ళు చర్చి ఎదురింటి కుక్క పేరు చీటీ మీద రాసి వేశారట. అయ్యగారు "సహోదరుడు టోనీకి దీర్ఘాయువు దయచేయుము" అని కళ్ళు మూసుకుని చాలాసేపు ప్రార్థించారట. కళ్ళు తెరిచేసరికి సహోదరుడు టోనీ గుమ్మంలో తోక ఊపుతూ నిలబడి ఉన్నాడట. అప్పటినుంచీ రిజిస్టరులో లేని పేరైతే, ఆ మనిషిని ఎరిగినవాళ్ళు ఎవరైనా ఒకరు చెప్పాలి. లేకపోతే పేరు చదవరు.

ఆ శనివారం సాయంత్రం మావారు వంటింటి బల్ల మీద చీటీలు పరుచుకున్నారు. అత్తయ్యగారు బియ్యంలో రాళ్ళు ఏరుతున్నారు. నేను జామకాయ కోసి ఉప్పూకారం అద్ది ముక్కలు ఆయన నోటికి అందిస్తున్నాను. ఆయన ఒక్కో చీటీ తీసి అయ్యగారి గొంతుతో చదువుతుంటే నాకు నవ్వాగడం లేదు.

"యెషయా... గారు! నిరుడు యాభై అని రాశారు, ఈ ఏడూ యాభయ్యే అంటున్నారు. డోరా గారు! ఈవిడ చీటీకి సెంటు పూసింది, చూడు సలోమీ, వాసన." ఇంకొక చీటీ విప్పారు. గొంతు మామూలుగా అయిపోయింది. "మేబెల్. టైలర్, బొల్లారం. ఎవరమ్మా ఈ మేబెల్?"

"మేబెలా?" అన్నారు అత్తయ్యగారు తల ఎత్తకుండానే. "మనకున్నది ఒకే మేబెలమ్మ, హెడ్మిస్ట్రెస్‌గా చేసింది. ఆవిడ పోయి పదేళ్ళు. మళ్ళీ ఎవడికో దురద పుట్టినట్టుంది."

"రిజిస్టరులో కూడా లేదు." ఆయన నావైపు తిరిగారు. "సలోమీ, నీకెవరైనా మేబెల్ తెలుసా?"

జామకాయ ముక్క నా చేతిలోనే ఉండిపోయింది.

తెలుసు అంటే, ఎలా తెలుసు అంటారు. నేను బొల్లారం చర్చికి వెళ్ళడం మొదలై నాలుగు ఆదివారాలే అయింది. అక్కడ ఎవరికీ పేరు తెలియని మనిషి నాకు తెలుసంటే ఎక్కడ తెలుసో అత్తయ్యగారు కూడా చిటికెలో కనిపెట్టేస్తారు. నా పనేంటో అందరికీ తెలుసు. చివరి బెంచీలో కూర్చునే మనిషి గురించి ఇన్నాళ్ళూ ఊహలే ఉంటే, రేపటినుంచి నా మాట సాక్ష్యం అవుతుంది. చెప్పనని అరవైమందికి మాటిచ్చాను. మాట నిలబెట్టుకోవడం గురించి కాన్ఫరెన్సుల్లో గంటలు గంటలు మాట్లాడాను. ఇన్నేళ్ళ చదువులో, "నేను చెప్పలేను, కానీ ఆ పేరు చదవండి" అన్న ఒక్క వాక్యం నాకు ఆ క్షణాన తట్టలేదు. అది తట్టడానికి మర్నాడు పొద్దున్నదాకా పట్టింది.

"తెలియదండీ," అన్నాను.

ఆయన వెంటనే నమ్మారు. అనుమానంగా ఒక్కసారి చూసినా బాగుండేది. "పోనీ, 'ఇంకా ఒక సహోదరి' అని రాస్తాను. నిజంగా మనిషెవరైనా ఉంటే పాపం ప్రార్థన పోకూడదుగా," అని రాసి, నా చేతిలోంచి జామకాయ ముక్క తీసి నా నోట్లోనే పెట్టారు. అది తియ్యగా ఉంది. అత్తయ్యగారు రాళ్ళు ఏరుతూ ఏదో పాట అందుకున్నారు. ఆ చిన్న వంటింట్లో, ఇద్దరు మనుషుల మధ్య మోకాళ్ళు తగిలేంత దగ్గరగా కూర్చుని, నేను అంత ఒంటరిగా ఎప్పుడూ లేను.

ఆదివారం పొద్దున స్నానం చేస్తుంటే ఆ వాక్యం తట్టింది. తడిజుట్టుతోనే బయటికి వచ్చేసరికి మావారు బెంచీలు సర్దడానికి ముందే వెళ్ళిపోయారు. నేనూ అత్తయ్యగారూ ఆటోలో వెళ్ళేటప్పటికి మొదటి కీర్తన అయిపోతోంది. ఆ కాగితం అప్పటికే అయ్యగారి బైబిల్లో ఉంది.

చివరి బెంచీలో మేబెల్ పసుపుపచ్చ చీర కట్టుకుని ఉంది. కొత్తది. ఆకుపచ్చ అంచు, అదే రంగు జాకెట్టు, మెడచుట్టూ సన్నటి పైపింగు. తల మీద కొంగు లేదు. జడలో కనకాంబరాలు కూడా ఉన్నాయి. నేను దాటి వెళ్తుంటే ఆమె పుస్తకంలోకి చూడలేదు. తిన్నగా మైకునే చూస్తోంది.

అయ్యగారు కాగితం విప్పారు. "ఈ వారము పుట్టినదినము జరుపుకొనుచున్నవారు ముందుకు రావాలి. యెషయా గారు." యెషయాగారు చొక్కా సర్దుకుంటూ వెళ్ళారు. "డోరా గారు." సెంటు వాసన నా పక్కనుంచి వెళ్ళింది. ఇంకో రెండు పేర్లు. నేను సిగ్గువిడిచి వెనక్కి తిరిగి చూశాను. ఒక్కో పేరుకీ మేబెల్ బెంచీ మీంచి కొంచెం లేస్తోంది. తనది కాదని తెలిసి కూర్చుంటోంది. మళ్ళీ లేస్తోంది.

"ఇంకా ఒక సహోదరి," అని చదివి అయ్యగారు కాగితం మడిచేశారు.

ఆమె సగం లేచి అలాగే ఉంది. ఇంకా ఏమైనా ఉందేమోనని చూసింది. అందరూ ప్రార్థనకు కళ్ళు మూసుకున్నారు. నేను మూసుకోలేదు. ఆమె కూర్చోలేదు. చప్పుడు కాకుండా బయటికి నడిచి, మెట్ల మీది చెప్పులు చేత్తో పట్టుకుని వెళ్ళిపోయింది.

నేను లేచాను. "ఎక్కడికీ? ఆశీర్వాదం కాలేదు," అని అత్తయ్యగారు నా చీర పట్టుకున్నారు. "ఇప్పుడే వస్తానండీ," అని విడిపించుకున్నాను. మెట్ల మీద వంద జతల మధ్య నా చెప్పులు కనబడలేదు. ఒట్టి కాళ్ళతోనే రోడ్డెక్కాను.

మలుపు తిరిగితే రైల్వే గేటు. గేటు వేసి ఉంది. ఆటోలు, స్కూటర్లు, కూరగాయల బండి, సైకిళ్ళు అన్నీ ఒకదాన్నొకటి నెట్టుకుంటూ ఆగి ఉన్నాయి. అన్నిటికన్నా ముందు, గేటు కమ్మీ దగ్గర, పసుపుపచ్చ చీర. బళ్ళ సందుల్లోంచి దూరి ఆమె దగ్గరికి వెళ్ళి చెయ్యి పట్టుకోవచ్చు. కానీ ఆమె అడిగింది అది కాదు. ఆమె ఏం అడిగిందో నాకు ఒక్కదానికే తెలుసు.

నా మాట తప్పాను. "మేబెల్!" అని పిలిచాను.

ఆటోవాడు తిరిగాడు. కూరగాయలామె తిరిగింది. మేబెల్ తిరగలేదు. ఇంకా గట్టిగా పిలిచాను. స్కూటర్ల మీదివాళ్ళందరూ నన్ను చూశారు. ఆమె పట్టాలకేసే చూస్తోంది. వినపడలేదేమో అనుకున్నాను. మూడోసారి పిలిచేటప్పటికి అర్థమైంది. వినపడుతోంది. రోడ్డు మీద ఎవరో ఎవరినో పిలుస్తున్నారు. ఆ పిలుపు తనకోసం అనుకోవడానికి ఆమె జీవితంలో ఎప్పుడూ అవసరం రాలేదు.

నా పక్కన స్కూటరు వచ్చి ఆగింది. మావారు. హ్యాండిలుకు నా చెప్పులు వేలాడుతున్నాయి. అత్తయ్యగారు పంపించి ఉంటారు. ఆయన నన్ను చూశారు. నేను చూస్తున్నవైపు చూశారు. పసుపుపచ్చ చీరను, కనకాంబరాలను, మళ్ళీ నన్ను. తెలియదన్నావుగా అని ఆయన అనలేదు. ముఖంలోంచి నిన్నటి ఆ నమ్మకం మాత్రం పోయింది. అది పోవడం నాకు కనబడింది. స్కూటరు దిగి, వంగి, చెప్పులు నా కాళ్ళ ముందు పెట్టారు.

తరవాత, వెనక వరసల పిల్లలను అదిలించే ఆ లెక్కల మాస్టారి గొంతుతో, రెండు చేతులూ నోటి దగ్గర పెట్టుకుని పిలిచారు.

"మేబెల్ గారూ! టైలర్ మేబెల్ గారూ!"

గేటు దగ్గరున్న జనమంతా తిరిగారు. ఆమె కూడా తిరిగింది. ముందు తన పక్కనున్న ఆడమనిషిని చూసింది. తన వెనక చూసింది. ఇంకెవరూ లేరని తేల్చుకున్నాక మమ్మల్ని చూసింది.

బళ్ళ మధ్యలోంచి వచ్చింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, గొంతులో మాత్రం కోపమే ఉంది. "ఏందిది మేడమ్? నడిరోడ్డు మీద గట్ల ఒర్లుతరా? మందంత సూస్తున్నరు!"

"పుట్టినరోజు శుభాకాంక్షలు మేబెల్."

"చీటీ చూడలేదా సార్?" అని ఆయన్ను అడిగింది.

"చూశానమ్మా. ఎవరో తెలియలేదు. అడిగాను..." అని ఆయన ఆగిపోయారు.

"నన్ను అడిగారు," అన్నాను. "తెలియదన్నాను."

ఆమె నావైపు తిరిగింది. "మాట మీద నిలబడ్డరు," అంది. నవ్వలేదు. "గని మస్తు తక్లీఫ్ అయింది మేడమ్. సగం లేసి నిలబడ్డ."

"చూశాను."

"చూసిన్రా? అయితే మంచిదే. ఒక్కరన్న చూసిన్రు."

మావారు జేబులోంచి పెన్నూ కాగితం తీశారు. "పేరు రాసుకుంటాను. అయ్యగారితో చెప్పి వచ్చే ఆదివారం తప్పకుండా చదివిస్తాను."

"వచ్చే ఆదివారం నా పుట్టినరోజు గాదు గద సార్," అంది మెల్లగా.

ఆయన పెన్ను మూత పెట్టేశారు. రైలు వచ్చింది. పెట్టెలన్నీ వెళ్ళేదాకా ముగ్గురం ఒకరి ముఖం ఒకరం చూడకుండా నిలబడ్డాం. గేటు లేచింది. వెనకనుంచి హారన్లు మొదలయ్యాయి.

"పోతున్న," అంది. "మీ జాకెట్ పట్టుకరాండ్రి ఎప్పుడన్న. భుజం సరిజేస్త. కిటికీ కాడ నిలబడొద్దు, తలుపు కొట్టుండ్రి." అని, జనంతోపాటు పట్టాలు దాటింది.

మేం రోడ్డు పక్కకు జరిగాం. ఆయన స్కూటరు స్టాండు తీశారు కానీ ఎక్కలేదు. "ఆమె నీకు ఎలా..." అని మొదలుపెట్టి, "అడగకూడదా?" అన్నారు.

"అడగకూడదండీ."

"ఎప్పటికీనా?"

"ఎప్పటికీ."

తల ఊపి పట్టాలవైపు తిరిగారు. మా మధ్య జానెడు దూరం కూడా లేదు, కానీ ఆ జానెడులో ఇకమీద నేనొక్కదాన్నే వెళ్ళిరావాల్సిన చోటు ఒకటి ఉందని ఇద్దరికీ తెలిసింది. ఆయన చెయ్యి పట్టుకోవాలనిపించింది. పట్టుకుంటే చెప్పేస్తానేమోనని పట్టుకోలేదు.

అవతల పసుపుపచ్చ చీర చిన్నదైపోతోంది. చెప్పడానికి నా దగ్గర ఇంకేమీ లేదు. అయినా గేటు దాకా పరుగెత్తి మళ్ళీ పిలిచాను, "మేబెల్!" అని.

ఆమె ఆగలేదు, తిరిగి చూడలేదు. నడుస్తూనే చెయ్యి పైకెత్తింది.